రాజశేఖరం మానేరు దాటలేదు

రాజశేఖరం కరీంనగర్‌కు ఎన్నడూ రాలేదు. అతని కారు అలుగునూరు దగ్గర మానేరు వంతెన ఎక్కలేదు. జగిత్యాల దారిలో ఎడ్లబండి వెనక హారన్ కొట్టుకుంటూ నిలబడలేదు. మంచిర్యాల స్టేషన్లో బొగ్గు మసి అతని తెల్లచొక్కా మీద పడలేదు. అయినా యద్దనపూడి సులోచనారాణి అతన్ని నాయకుడిగా పెట్టి ‘సెక్రటరీ’ నవల రాసిన 1960ల నుంచి కనీసం పాతికేళ్లపాటు మా వైపు చదువుకున్న ఆడపిల్లలకు అతను సొంత మేనబావ కన్నా బాగా తెలుసు. ఎంత ఎత్తో తెలుసు, ఎలా నడుస్తాడో తెలుసు, కోపమొస్తే ఎంతసేపు మాట్లాడడో కూడా తెలుసు.

మా ఇంటికి ఇలాంటి నవలలు పుస్తకాలుగా రాలేదు. పత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, వరుసగా పేర్చి, దబ్బనంతో కుట్టిన కట్టలుగా వచ్చాయి. ఒక్కో కట్ట నాలుగిళ్లు తిరిగి వచ్చేసరికి నడుమ ఏదో ఒక వారం మాయమయ్యేది. ఆ వారం ఏం జరిగి ఉంటుందో మా పెద్దమ్మ అల్లి చెప్పేది. ఆమె చెప్పిన భాగంలో హీరో తప్పకుండా ఒకసారి నవ్వులపాలయ్యేవాడు. బురదలో జారేవాడు, లేకపోతే మరదలి మాటకు జవాబు దొరకక గుటకలు మింగేవాడు. చాలా ఏళ్ల తర్వాత అసలు పుస్తకాలు దొరికి చదివితే ఆ సంగతులేవీ వాటిలో లేవు. పెద్దమ్మకు ఆ నవ్వు ఎందుకు అవసరమైందన్నది నన్ను అప్పటినుంచీ వదలలేదు.

నవ్విస్తూ సాగే ప్రేమకథ, అందులో వంక పెట్టలేని కథానాయకుడు. ఈ జోడీని పాఠకులు ఎందుకు విడిచిపెట్టరన్న ప్రశ్నకు అన్నిటికన్నా పాత జవాబు ‘పలాయనం’. ఉత్తర తెలంగాణలో ఆ మాట మిగతాచోట్ల కన్నా గట్టిగా తగిలేది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ వెంటనే అక్టోబర్లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగాయి. మంథని వైపు నుంచి వచ్చిన అల్లం రాజయ్య ఈ నేలనే ‘కొలిమంటుకున్నది’ నవలగా రాశాడు. అలాంటి చోట ఒకే ఇంట్లో అన్న విప్లవ సాహిత్యం చదువుతుంటే, చెల్లె వారపత్రికలో ధనవంతుడి ప్రేమ చదువుకునేది. అన్నకు చెల్లె చదువు సిగ్గుచేటు. చెల్లెకు అన్న చదువంటే భయం. ఇద్దరి పుస్తకాలూ ఒకే సందుగ అడుగున దాగేవి, దాచుకున్న కారణాలు మాత్రం వేరు.

అన్న వాదనలో న్యాయం లేదనను. కానీ అతను గమనించని సంగతి ఒకటుంది. మా వైపు పెద్ద బంగళా, కారు, నౌకర్లు, ఎదురు చెప్పలేని మాట అన్నీ ఉన్న మనిషి అంటే నవలా నాయకుడు గుర్తుకురాడు, దొర గుర్తొస్తాడు. గడీ గుర్తొస్తుంది, వెట్టి గుర్తొస్తుంది. కృష్ణా జిల్లా పాఠకురాలికి సంపన్న నాయకుడు ఒక కల మాత్రమే కావచ్చు. సిరిసిల్ల పాఠకురాలు అదే కలను కనాలంటే ముందు ఆ డబ్బును ఊరి నుంచి విడదీయాలి. అందుకే రాజశేఖరం పట్నంలో ఉండాల్సి వచ్చింది, పొలం ఉన్న మనిషి కాకుండా ఆఫీసున్న మనిషి కావాల్సి వచ్చింది. సెక్రటరీ జయంతి అతనికి ఎదురుచెప్తే ఉద్యోగం పోతుందేమో గాని ఊరు వదలాల్సిన పని లేదు. దొరకు ఎదురుచెప్పి, ఆ తర్వాత అతన్ని నవ్వించగల ఆడపిల్ల మా ఊళ్ల కథల్లో లేదు. 2019లో ‘దొరసాని’ సినిమా గడీ ప్రేమను తలకెత్తుకుంది కాని, ఆ కథ నవ్వుతూ సాగలేదు, సాగే వీలూ లేదు. దూరం లేనిదే ఈ రకం నవల నిలబడదు. ఊరిని మరచిపోవడానికే చెల్లె ఆ దూరానికి వెళ్లిందనుకుంటే పొరపాటు. ఊళ్లో దొరకని ఒక సంభాషణ వినడానికి వెళ్లింది.

నిజానికి లోపం లేని నాయకుడు మా జిల్లాకు పరాయివాడేం కాదు. వెయ్యేళ్ల కింద ఇక్కడే పుట్టాడు. వేములవాడ చాళుక్యుల కొలువులో పంపకవి 941లో కన్నడంలో ‘విక్రమార్జున విజయం’ రాశాడు. రాజు రెండో అరికేసరినే అర్జునుడిగా చేసి భారతం మొత్తం నడిపాడు. ఆ కావ్యంలో ద్రౌపదికి ఐదుగురు భర్తలు లేరు, అర్జునుడొక్కడే. ఏలిన రాజును నాయకుడిగా పెట్టుకున్నాక అతని పెళ్లాన్ని మరో నలుగురితో పంచడం కవికి కుదరదు కదా! ఆదర్శ నాయకుణ్ని తయారుచేసే పని అప్పుడే మొదలైందనుకోవచ్చు. ఉన్న కథలో ఇబ్బందిపెట్టేదేదో తీసేయడం, మిగిలినదాన్ని మెరిసేట్టు తోమడం. ఆ పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించిన కుర్క్యాల శాసనం గంగాధర మండలంలో గుట్ట మీద ఇప్పటికీ ఉంది, అందులో తెలుగు కందపద్యాలున్నాయి.

ఏడు శతాబ్దాలకు ఇదే అర్జునుడు తంజావూరులో చేమకూర వెంకటకవి చేతిలో పడ్డాడు. ‘విజయవిలాసం’లో కూడా అతను వీరుడే, అందగాడే. కానీ సుభద్ర కోసం దొంగ సన్యాసి వేషం కట్టి ద్వారకలో కూర్చుంటాడు. ఆ సన్యాసికి సేవలు చేసేది సుభద్రే. పెద్దలు మోసపోతారు, పాఠకుడు మోసపోడు. గడ్డం వెనక ఉన్న ఆ మహావీరుడి అవస్థ చూసి నవ్వొస్తుంది, ఆ నవ్వు వల్ల అతను కాస్త కూడా చిన్నబోడు. సుభద్ర అతనికి మేనమామ కూతురు. అంటే ఇది అచ్చంగా బావామరదళ్ల కథ.

తెలుగు ప్రేమ నవలల్లో నాయకులందరినీ ఈ ఇద్దరు అర్జునుల కిందికి తేవచ్చని నా అభిప్రాయం. రాజశేఖరం పంపడి అర్జునుడు. లోపం లేదు, కాబట్టి నవ్వడానికి సందూ లేదు. యద్దనపూడి నాయకులు గంభీరంగా ఉంటారు, అపార్థం చేసుకుంటారు, కారు డోరు తీసి నిలబడతారు. ఆ నవలల్లో చలాకీతనమంతా నాయికల వాటా. ఆత్మాభిమానమూ వాళ్లదే. యద్దనపూడిని ఎద్దేవా చేసిన విమర్శకులు ఈ రెండో సంగతి చూడకుండా ఆరడుగుల ఎత్తు దగ్గరే ఆగిపోయారు. 1976లో ‘సెక్రటరీ’ సినిమాగా వచ్చినప్పుడు తెర మీది రాజశేఖరం అక్కినేని నాగేశ్వరరావు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఎవరూ పట్టించుకోలేదు. చదివినవాళ్ల మనసులో రాజశేఖరానికి వయసు లేదు మరి.

అది రచయిత్రుల కాలం. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమా అయింది, ‘ప్రేమనగర్’ 1971లో తెరకెక్కింది. ఆడపేరుంటే నవల అమ్ముడుపోతుందని మగవాళ్లు కూడా ఆడపేర్లు పెట్టుకున్నారు. అదే కాలంలో రంగనాయకమ్మ ‘స్వీట్ హోం’తో పెళ్లి తర్వాతి ఇంట్లోకి హాస్యాన్ని తీసుకుపోయింది. మిగతావాళ్లు శుభం కార్డు వేసే చోట బుచ్చిబాబు, విమలల కథ మొదలవుతుంది. ముళ్లపూడి వెంకటరమణ రాధాగోపాళాలదీ ఆ దారే. అన్నీ వచ్చిన మగవాడి కన్నా, పెళ్లాంతో వాదించి ఓడిపోయి కూడా కాఫీ అడగగలిగిన మగవాడు ముద్దొస్తాడని ఈ ఇద్దరికీ తెలుసు.

ఇక చేమకూర అర్జునుడి వంశం నిజంగా విస్తరించింది 1980లలో. మల్లాది వెంకటకృష్ణమూర్తి ‘రెండు రెళ్లు ఆరు’ను జంధ్యాల సినిమా తీశాడు. ‘చంటబ్బాయ్’ని కూడా ఆయనే 1986లో చిరంజీవితో తీశాడు. అప్పటికే పెద్ద మాస్ హీరో అయిన మనిషి ఆ సినిమాలో డిటెక్టివ్‌నని చెప్పుకుంటూ తిరిగి, ప్రేమించిన అమ్మాయి ముందు అభాసుపాలవుతాడు. మల్లాది హాస్యం చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ అక్కడక్కడ ఆడపాత్రలు మగవాడి జోకులకు శ్రోతలుగా మిగిలిపోతారు. ఆ ఇబ్బంది లేనిది పొత్తూరి విజయలక్ష్మి ‘ప్రేమలేఖ’. జంధ్యాల దాన్నే 1984లో ‘శ్రీవారికి ప్రేమలేఖ’గా తీశాడు. ఎవరో తెలియని మనిషికి ఒక అమ్మాయి సరదాగా ప్రేమలేఖ రాసి పోస్టు చేస్తుంది. అది అందుకున్నవాడు ఆమెను వెతుక్కుంటూ బయల్దేరతాడు. కథను కదిలించిన చిలిపితనం ఆడపిల్లది, ఊళ్లు పట్టుకుని తిరిగే తిప్పలు మగవాడివి. ఇతను రాజశేఖరం కన్నా గొప్పవాడు కాదు, ధనవంతుడూ కాదు. ఒక ఉత్తరాన్ని నమ్మాడు, అంతే. ఈ తరహా నవలల్లో నాకు ఒక్కటే మిగుల్చుకోమంటే ఇదే మిగుల్చుకుంటాను.

ఆ 1984 ఉత్తర తెలంగాణలో ఉత్తరాల కాలం కూడా. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ నుంచి మగవాళ్లు దుబాయికి, మస్కట్‌కు, సౌదీకి పోతున్నారు. లగ్గమైన కొన్నాళ్లకే విమానం ఎక్కినవాళ్లున్నారు. భర్త అంటే రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వచ్చే మనిషి, మిగతా కాలమంతా నీలం కవరు. ఇంట్లో భార్య చేతినిండా బీడీల చాట, తునికాకు, కత్తెర. అలాంటి ఇంట్లో ‘ఆదర్శ పురుషుడు’ అన్న మాటకు అర్థం మారిపోతుంది. డబ్బు పంపేవాడు అప్పటికే ఉన్నాడు. లేనిది పక్కన కూర్చుని మాట్లాడేవాడు. నవలా నాయకుడి సుగుణాల్లో విమర్శకులు అన్నిటికన్నా తక్కువగా లెక్కేసినది ఇదే: అతను ప్రతి పేజీలోనూ ఉంటాడు, ఎక్కడికీ పోడు. ఆమె అన్న ప్రతి మాటా వింటాడు, దానికి బదులిస్తాడు, రెండు వారాల తర్వాత కూడా గుర్తుపెట్టుకుంటాడు.

అమెరికాలో జానిస్ రాడ్వే అనే పరిశోధకురాలు 1984లోనే, ఒక చిన్న పట్టణంలో ప్రేమ నవలలు చదివే గృహిణులతో మాట్లాడి ‘రీడింగ్ ది రొమాన్స్’ అనే పుస్తకం వెలువరించింది. వాళ్లకు కథలో ఏముందన్నదాని కన్నా, పుస్తకం చేతిలో ఉన్నంతసేపు ఎవరికీ అందుబాటులో ఉండనక్కర్లేదన్నదే ముఖ్యమని ఆమె గ్రహించింది. నాయకుడిలో వాళ్లు వెతికింది కూడా ఆడవాళ్లను బుజ్జగించి చూసుకునే గుణాన్నే. రోజంతా అందరినీ చూసుకునేది వాళ్లు, వాళ్లను చూసుకునేవాళ్లు లేరు. ఈ మాట సింగరేణి క్వార్టర్లకు అచ్చంగా సరిపోతుంది. బెల్లంపల్లిలో, మందమర్రిలో, గోదావరిఖనిలో ఇంటి గడియారం షిఫ్టుల మీద నడుస్తుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోతుంటే పిల్లలు అరవకూడదు, గిన్నె మోగకూడదు. చప్పుడు కాని పని ఏదైనా ఉందంటే చదువుకోవడమే. నవ్వొస్తే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాలి. అలా నవ్విన పుస్తకాన్ని ఎవరు మరచిపోతారు?

రాడ్వే పాఠకులకు లేని బాధ ఒకటి మా పాఠకులకుండేది. వాళ్లు ప్రేమించిన నాయకుడు వాళ్ల భాష మాట్లాడడు.

‘రెండున్నర జిల్లాల భాష’ అని మావాళ్లు విసుక్కునే పత్రికా తెలుగులోనే అతను కోప్పడేవాడు, అలిగేవాడు, ప్రేమ చెప్పేవాడు. తెలంగాణ నుంచి పోల్కంపల్లి శాంతాదేవి, మాదిరెడ్డి సులోచన లాంటివాళ్లు పేరున్న నవలలు రాశారు, శాంతాదేవి ‘చండీప్రియ’ 1980లో సినిమా కూడా అయింది. అయినా ప్రేమ చెప్పడానికి అచ్చులో చెల్లే భాష అదొక్కటే. మా యాసకు సినిమాల్లో దొరికిన వేషాలు రెండే, నవ్వులాటవాడిది, దుర్మార్గుడిది. 1985లో ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో మాట్లాడి గొప్ప పేరు తెచ్చుకున్నాడు, ఆ వేషం ప్రతినాయకుడిది. 1992లో ‘మొండి మొగుడు పెంకి పెళ్లాం’లో విజయశాంతి ఆ యాసలో గలగలా మాట్లాడితే జనం ఎగబడి చూశారు. నాయికకు ఆ యాస దక్కింది, ‘పెంకి’ అనే బిరుదుతో కలిపి. పాతికేళ్లకు 2017లో ‘ఫిదా’ వచ్చింది. బాన్సువాడ పిల్ల భానుమతి తన యాసతో రాష్ట్రాన్నంతా తనవైపు తిప్పుకుంది. కానీ ఆమె మనసిచ్చినవాడు అమెరికా నుంచి వచ్చినవాడు, అతని తెలుగు వేరు. మళ్లీ దూరం నుంచి వచ్చిన రాజశేఖరమే! కాకపోతే ఈసారి ఆ పిల్ల అతన్ని తన ఊరికే రప్పించుకుంది. 2022లో ‘డీజే టిల్లు’, మంచిర్యాల బొగ్గుగనుల నడుమ 2023లో ‘పరేషాన్’ నాయకులకు మా యాస ఇచ్చాయి. వాళ్లు నవ్విస్తారు సరే, ఆదర్శాలని మాత్రం ఎవరూ అనరు. ఆదర్శం ఒక భాషలో, నవ్వు ఇంకో భాషలో. ఈ రెంటినీ ఒకే నోట వినాలన్న కోరిక మా పాఠకులకు ఇంకా పూర్తిగా తీరలేదు.

చిత్రమేమిటంటే ఆ రెండూ ఇళ్లల్లో ఎప్పుడూ ఒకే నోట ఉన్నాయి. మా వైపు ‘పరాష్కం’ అంటాం. వరుసైనవాళ్లు ఒకరినొకరు ఏడిపించుకోవడం. వదినె మరదిని ఆడుకుంటుంది, మరదలు బావను. లగ్గంలో ఎదుర్కోళ్ల నాడు పిల్ల తరఫు ఆడవాళ్లు పిలగాణ్ని, అతని తల్లిని పాటలతో చీల్చి చెండాడతారు. గుర్రం దిగిన రాజకుమారుడి ముక్కు వంకరవుతుంది, చదువు అబద్ధమవుతుంది, తల్లి పిసినారవుతుంది. అప్పుడు పిలగాడు ఏం చేస్తాడన్నదే పరీక్ష. ముఖం మాడ్చుకుంటే ఆడవాళ్లు లోపలికి పోయి పెదవి విరుస్తారు. తలవంచుకుని నవ్వి, అదను చూసి ఒక్క మాట తిప్పికొడితే ‘ఇగురమున్నోడు’ అంటారు. ఇగురం అంటే తెలివి అనేస్తే సరిపోదు. ఎదుటివాళ్ల మనసెరిగి, నొప్పించకుండా మెలిగే నేర్పు. ఎత్తు, రంగు, కారు ఏవీ ఈ మాటలో లేవు. ఈ కొలబద్ద పెట్టి చూస్తే చేమకూర అర్జునుడు గట్టెక్కుతాడు, ప్రేమలేఖ వెంట తిరిగినవాడు గట్టెక్కుతాడు. రాజశేఖరం సంగతి అనుమానమే. పెద్దమ్మ పోయిన పేజీల స్థానంలో అతన్ని బురదలో జార్చింది ఇందుకేనని నాకు ఆలస్యంగా అర్థమైంది. అతన్ని ఆమె ఎదుర్కోళ్లకు కూర్చోబెట్టింది.

మన సాహిత్య గౌరవం మాత్రం ఏడ్చే ప్రేమకే దక్కింది. విశ్వనాథ సత్యనారాయణ 1959 నుంచి 1961 వరకు కరీంనగర్ ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్. ఆయన ‘ఏకవీర’లో ప్రేమంటే జత తప్పిన రెండు జంటల వేదన. పాఠ్యపుస్తకాల ప్రేమలన్నీ దాదాపు అలాంటివే. విడిపోతే సాహిత్యం, కలిసి నవ్వుకుంటే కాలక్షేపం. ఈ తూకం ఎవరు పెట్టారోగాని, జేన్ ఆస్టెన్ 1813లో ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ను నవ్వుతూనే నడిపి పెళ్లితోనే ముగించింది, ఇంగ్లీషువాళ్లు దాన్ని ఇప్పటికీ పాఠం చెబుతున్నారు. గర్విష్టి డార్సీని ఎలిజబెత్ తన మాటలతో నేల మీదికి దించడమే ఆ కథ. చదువుతుంటే పరాష్కమే.

1990ల తర్వాత ఇంటింటికీ టీవీ సీరియళ్లు వచ్చాయి, వారపత్రికలు చిక్కిపోయాయి. ఆ మధ్యకాలం గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. టీవీలో ప్రేమకన్నా అత్తల విషప్రయోగాలే ఎక్కువ. ఇప్పుడు కథ ఫోనులోకి చేరింది. బెంగళూరులో 2014లో మొదలైన ప్రతిలిపిలో తెలుగు సీరియళ్లు రోజుకో భాగంగా వస్తున్నాయి, రాసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. నాయకుడు ఇప్పుడు కంపెనీ సీఈఓ. ఒప్పందం పెళ్లి చేసుకుంటాడు, కోపిష్టి, లోపల వెన్న. రాజశేఖరం మనవడని పోలికల్లోనే తెలిసిపోతుంది. చాలా కథల్లో అక్షరదోషాలు, అరువు సంభాషణలు, ఒకే అచ్చులో పోసిన మలుపులు. చదువుతూ విసుక్కుంటాను, మర్నాటి భాగం కోసం మళ్లీ తెరుస్తాను. అప్పుడప్పుడు మాత్రం ఒక రచయిత్రి సీఈఓ గారి వంటింట్లోకి ఒక మేనత్తను తెస్తుంది. ఆమె మన యాసలో నోరు తెరుస్తుంది, అంతవరకూ బొమ్మలా నిలబడ్డ నాయకుడు ఒక్కసారిగా మనిషవుతాడు.

పెద్దమ్మకు ఇప్పుడు చూపు ఆనదు. మనవరాలు పక్కన కూర్చుని ఫోనులో కథ చదివి వినిపిస్తుంది. మొన్న నేను పోయినప్పుడు సీఈఓ తన భార్య వైపు చూడకుండా కిటికీలోంచి నగరాన్ని చూస్తున్నాడు. రెండు పేరాలుగా అదే పని. పెద్దమ్మ వక్క కొరుకుతూ అడిగింది: “గా పిలగాడు ఎన్నడన్న నవ్వుతడానే?”

పిల్ల కిందికి జరిపి చూసి, “ఇంకా లేదు అమ్మమ్మా” అంది.

“అయితే గక్కడ ఆపు. నేను జెప్త ఏమైందో.”